మౌత్ ఆర్గాన్ మీద తెల్ల మరక

నాంపల్లి స్టేషన్‌లో దిగేసరికి ఉదయం ఆరు నలభై. డెబ్బై రెండో సంవత్సరం, ఫిబ్రవరి నెల. ఆకాశం శుభ్రంగా ఉంది. గాలి పడమటి నుంచి, అందులో ఇరానీ చాయ్ వాసన. నా సామాను: కిట్ బ్యాగు ఒకటి, పరుపు చుట్ట ఒకటి, పనిముట్ల పెట్టె ఒకటి, కంబళ్లు రెండు. కిట్ బ్యాగు బరువు ఇరవై రెండు కిలోలు. ఇంట్లో చెప్పేటప్పుడు నలభై అంటాను. నా నోట్లో పడ్డ ఏ సంగతైనా కాస్త ఒళ్లు చేసి బయటికి వస్తుంది. అది నా జబ్బు. ముందే చెప్పుకోవడం మర్యాద.

యుద్ధం ముగిసి రెండు నెలలైంది. ఆ యుద్ధంలో నేను ఒక్క తూటా పేల్చలేదు. ముందు వరసకు పన్నెండు మైళ్లు వెనక, గుడారంలో కూర్చుని, పగిలిన దుర్భిణులూ మూగబోయిన టెలిఫోన్లూ బాగుచేశాను. పేరుకు సిపాయిని, పనికి మిస్త్రీని. ఇప్పుడు తొంభై రోజుల డ్యూటీ మీద నన్ను నాంపల్లికి పంపారు. హుకుం చిన్నది: పెట్టెలు విప్పు, విరిగినవి బాగుచెయ్యి, ఇంటివాళ్లకు అప్పజెప్పు.

పెట్టెలంటే, తిరిగి రాని సిపాయిల పెట్టెలు.

మా పోస్టు స్టేషన్ గూడ్స్ షెడ్డు వెనక ఒక రేకుల గోదాము. పొడవు పద్దెనిమిది అడుగులు, వెడల్పు పన్నెండు. ఒక తలుపు, ఒక కిటికీ, ఒక కిరసనాయిలు స్టౌ, ఒక ఫీల్డ్ టెలిఫోను. మేం దాన్ని బంకర్ అనేవాళ్లం. మహా ప్రమాదకరమైన ప్రాంతం. ఒక పక్క నుమాయిష్ ఎగ్జిబిషన్ మైదానం. అక్కడి లౌడ్ స్పీకర్లు విడవకుండా కాల్పులు జరిపేవి. ఇంకో పక్క అబిడ్స్; సైకిళ్లు, రిక్షాలు, రెండంతస్తుల బస్సులు దళాలు దళాలుగా ముందుకొచ్చేవి. మంచు కొండల్లో గస్తీ తిరిగినవాణ్ని. పోస్టాఫీసు ముందు రోడ్డు దాటడానికి మొదటి రోజు నాకు పదకొండు నిమిషాలు పట్టింది. ఈ అంకె నిజం. దాటింది మాత్రం నేను కాదు, జనం నన్ను దాటించారు.

మొత్తం నలుగురం. సుబేదార్ సాబ్, క్లర్కు, జీపు డ్రైవరు, నేను. సుబేదార్ సాబ్ పాత హైదరాబాదీ. మీసం ఒక్కో వైపు ఆరంగుళాలు. మొదటి రోజే నన్ను నిలబెట్టి చెప్పారు.

"మిస్త్రీ, గీ సామాను ఇంటికి పోతది. తల్లులు చూస్తరు, పెండ్లాలు చూస్తరు. మట్టి ఉండొద్దు, మరక ఉండొద్దు, విరిగింది విరిగినట్లు పోవొద్దు. పరేడుకు పోయినట్లు పోవాలె. సమజైందా?"

"ఔ సాబ్."

దయగల మాట అది. ఇప్పటికీ అలాగే అంటాను.

మూడో రోజు సాయంత్రం ఐదింటికి నాకు ఆయుధం దొరికింది. అబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఫారిన్ సామాను అమ్మే ఒకాయన దగ్గర, లైటర్లకూ సెంటు సీసాలకూ మధ్యన, బొటనవేలంత గొట్టం.

"ఏంది గిది?"

"జిగురు సాబ్. ఒక్క చుక్క ఎయ్యి, పది అంకెలు లెక్కవెట్టు. పానం పోతది గని అతుకు ఊడది."

అప్పటిదాకా మనకు తెలిసిన జిగురంటే మైదా లేయి, వడ్రంగుల వజ్రం బంక, పోస్టాఫీసు గోందు. దేనికైనా రాత్రంతా ఆరాలి, పైన ఇటుక బరువు పెట్టాలి. ఇది పది అంకెల్లో పట్టేసేది. మొదటి క్షతగాత్రుడు మా డ్రైవరు. జీపు హారను బొత్తం అంటించబోయి చూపుడువేలు కూడా అంటించుకున్నాడు. అబిడ్స్ నుంచి గోళ్ల రంగు తుడిచే మందు తెచ్చి పోస్తే పావుగంటకు వేలు ఊడింది. ఇది జరిగింది. నేను అందరికీ చెప్పింది వేరు. అతను హారను మోగిస్తూనే అఫ్జల్‌గంజ్ దాకా పోయి వచ్చాడనీ, దారి పొడవునా పోలీసులు మంత్రిగారనుకుని సెల్యూట్ కొట్టారనీ చెప్పాను.

నిజంగా అతికించినవి: క్లర్కు టైపు మిషను మీట ఒకటి, ఇరానీ హోటల్ కప్పుల చెవులు పన్నెండు, పక్క గల్లీ ప్రెస్సులో కాయితం లాగే రబ్బరు చక్రం, ఐసు ఫ్యాక్టరీలో మీటరు అద్దం. కాచిగూడలో ఇంజను చక్రం ఊడితే నా గొట్టం కోసం టెలిగ్రాం వచ్చిందన్నది నా సొంత సరుకు. ఆ జిగురు పని చేయించుకోవడంలో మెళకువ రెండే. ఒకటి, తక్కువ వేయాలి. రెండు, కాస్త తేమ, కాస్త వెచ్చదనం తగలాలి. అందుకని అతికించిన వస్తువును మూత ఉన్న బిస్కెట్ డబ్బాలో పెట్టి, స్టౌ మీద మరిగే చాయ్ కెటిల్ పక్కన ఉంచేవాణ్ని. మూత తీస్తే ఆవిరి ఉల్లిపాయలాగా కళ్లల్లో తగిలేది.

మా బంకర్‌కు రోజూ సాయంత్రం నాలుగుంపావుకు ఒకామె వచ్చేది. పేరు సుగుణ. మెదక్ వైపు క్రైస్తవుల కుటుంబం. నాంపల్లిలో ఒక గది కిరాయికి తీసుకుని, మిషన్ బడిలో తెలుగు చెప్పేది. అమ్మానాన్న చిన్నప్పుడే పోతే తమ్ముణ్ని తనే పెంచింది. ఆ తమ్ముడు ప్రభుదాస్, సిగ్నల్ దళంలో సిపాయి. టెలిఫోను తీగ వేయడానికి కాలువ దాటి అవతలికి వెళ్లాడు. మళ్లీ ఇవతలికి రాలేదు. మొదట టెలిగ్రాం వచ్చింది, కనబడుట లేదని. తర్వాత ఉత్తరం వచ్చింది, మరణించినట్లు భావిస్తున్నామని. తర్వాత పెట్టె వచ్చింది. అది నేను రాకముందు సంగతి. ఆ పెట్టెలో ఉన్నది ఇంకెవరిదో చొక్కా.

"పదహారు ఇంచుల కాలరు తమ్మీ," అంది నాతో మొదటి రోజు. "మా ప్రభుది పద్నాలుగు. వాని అంగీలన్నీ నేనే కుట్టిన. మీ కాయితం మీద మావోని పేరు, పెట్టెల ఇంకొకని బట్టలు. పెట్టె తప్పు పంపినోళ్లు, పోయిండని గూడ తప్పు రాయొచ్చు గద?"

క్లర్కు తల దించుకుని టైపు కొట్టాడు. అవతలి దేశంలో మనవాళ్లు ఖైదీలుగా ఉన్నారు, అందరి పేర్లూ ఇంకా బయటికి రాలేదు. ఆమె అడిగింది ఒక్కటే. వాడు లేడంటే వాడిదే అని తెలిసే వస్తువు ఒకటి చూపించమంది. అది చూపిస్తే ఏడుస్తానంది. లేకపోతే ఏడవనంది.

బెంచీ మీద కూర్చుని పిల్లల కాపీలు దిద్దుతూ ఉండేది. ఆమె ముఖం చూడలేక నేను కథలు మొదలుపెట్టాను. హారను కథ చెప్పిన రోజు నవ్వి నవ్వి ఎర్ర పెన్సిల్ జారవిడిచింది.

"గిన్ని అబద్ధాలు ఏడ దాచిపెడ్తవు తమ్మీ?"

"నాలిక మీద అంటించి పెట్టుకున్న అక్కా. ఊడిరావు."

"మంచిగ దొరికినవ్ మాకు. రేపేం చెప్తవు?"

రోజుకు ఒకటి చెప్పాను. ఆమె నవ్వేకొద్దీ పెంచాను. అదొక్కటే నేను ఆమెకు చేయగలిగిన రిపేరు అనుకున్నాను.

ముప్పై ఒకటో రోజు. ఉదయం పది ఐదు. పార్సిల్ ఆఫీసు నుంచి ఫోను. క్లర్కు ఎత్తాడు.

"ఆఁ, బంకర్. చెప్పు."

"..."

"ఎన్ని పెట్టెలు? ఒక్కటా? పేరు?"

"..."

"మల్ల చెప్పు." పెన్సిల్ తీసి రాసుకున్నాడు. "ఔ. ప్రభుదాస్. తాళం ఉన్నదా? సరే, జీపు పంపిస్త."

రెండో పెట్టె. కాలువ అవతల, గుర్తుపట్టలేని శవం పక్కన దొరికిన సామాను అని చీటీ ఉంది. అందులో మిలిటరీ స్వెట్టరు ఒకటి, తిండి డబ్బాలు రెండు, సిపాయి నంబరు చెక్కనివి. సబ్బు సగం. నీలం రంగు రేకు డబ్బీ ఒకటి, జానెడు పొడవు, మూత నొక్కుకుపోయి బిగుసుకుంది. దాన్ని పెట్టెలో వేసినవాళ్లెవరూ తెరవలేకపోయారని గీతలు చూస్తేనే తెలుస్తోంది. నేను స్క్రూడ్రైవరు పెట్టి తిప్పాను. టప్పున తెరుచుకుంది.

లోపల మౌత్ ఆర్గాన్. పైనా కిందా నికెల్ రేకులు బాగానే ఉన్నాయి. గాలి రంధ్రాలుండే నడిమి ప్లాస్టిక్ పట్టీ రెండు చోట్ల చీలింది. గుడ్డతో రెండు కొసలూ పట్టుకుని ఎత్తాను. ప్రభుదాస్‌కు అబిడ్స్‌లో మౌత్ ఆర్గాన్ కొనిచ్చానని సుగుణక్క చెప్పి ఉంది. సాయంత్రానికి అది పలకాలి. అదే నా ఆలోచన. ఒక్క చుక్క చాలు, నేను ఐదు వేశాను. బిస్కెట్ డబ్బాలో పెట్టి, మూత బిగించి, కెటిల్ పక్కన ఉంచాను. పదకొండు ఇరవై.

ఒకటీ నలభై ఐదుకు మూత తీశాను. కళ్లు మండాయి. రేకుల మీద తెల్లగా మరకలు లేచి ఉన్నాయి, చలి దేశంలో కిటికీ అద్దం మీద మంచు పేరినట్టు. అక్కడక్కడా కాదు. పై రేకు మీద ఎడమ వైపు రెండు, కుడి వైపు రెండు. కింది రేకు మీద అటు ఒకటి, ఇటు ఒకటి. ఒక్కొక్కటీ చిక్కుడు గింజంత, లోపల సన్నటి చుట్లు. కింద కుడి వైపు ఉన్నదాని మధ్యలో నుంచి ఏటవాలుగా ఒక గీత పోయింది, ఆ గీత మీద తెలుపు లేదు. జిగురు అక్కడ పగిలిందనుకున్నాను.

సుబేదార్ సాబ్ నా భుజం మీద నుంచి తొంగిచూశారు.

"గిదేంది మిస్త్రీ, బూజు పట్టిందా?"

"జిగురు ఆవిరి సాబ్. తగలకూడని చోట తగిలింది."

"తుడువు, తుడువు. నాలుగుంపావుకు టీచరమ్మ వస్తది."

గోళ్ల రంగు తుడిచే మందు గుడ్డ మీద పోశాను. పైవి నాలుగూ తుడిచాను. కింద ఎడమది తుడిచాను. కుడిది కొంచెం మొండికేసింది. గట్టిగా రుద్దాను. పోయింది. తర్వాత ఇత్తడి బిళ్లలకు వాడే పాలిష్ పెట్టి అద్దంలా చేశాను. పరేడుకు పోయినట్లు. అందులో నా మీసం కనబడింది.

నాలుగుంపావు. సుగుణక్క వచ్చింది. స్వెట్టరు మడత విప్పి చూసి మళ్లీ మడిచింది. తిండి డబ్బాలు తిప్పి చూసింది. నేను మౌత్ ఆర్గాన్ అందిస్తే కొంగులో పట్టుకుని చాలాసేపు చూసింది.

"నేను కొన్నది గూడ గిట్లాంటిదే. గని అబిడ్స్‌ల దుకానం నిండ గివే ఉంటయ్. నేను కొన్న డబ్బీ ఎర్రది, ఇది నీలిది." వెలుతురుకు పట్టి చూసింది. "గింత కొత్తగ ఉన్నదేంది తమ్మీ? వాడు రెండేండ్ల సంది ఊదుతుండె. గిది ఎవరు ముట్టనట్లే ఉన్నది."

"నేను జర పాలిష్ పెట్టిన అక్కా."

"ఓహో." మళ్లీ వెతికింది. "వాని గుర్తు ఏదన్న ఉంటే బాగుండు. వాని కుడి బొటనేలు చూస్తే నేను వెయ్యిమందిల గుర్తువడ్త. చిన్నగున్నప్పుడు మా బళ్లె కాయితాలు కోసే కత్తి కింద పెట్టిండు. వేలి మీద చుట్లు ఉంటయ్ గద, వాటి నడిమిట్ల నుంచి ఏటవాలుగ తెగింది. పెద్దగైనా గీత పోలే. తప్పు రాస్తే నేను కొట్టేసినట్లు ఉంటది అని ఎక్కిరించేదాన్ని."

గోదాము గిర్రున తిరిగిందని రాయగలను. తిరగలేదు. కెటిల్ మరుగుతోంది. స్టేషన్‌లో ఎవరో తప్పిపోయిన పిల్లవాడి పేరు లౌడ్ స్పీకర్లో పిలుస్తున్నారు. గుడ్డ ఇంకా నా భుజం మీదే ఉంది.

చెప్పాను. వేళ్ల చెమట అంటిన చోట జిగురు ఆవిరి పేరుకుని మరకలు లేచాయని, ఆరు మరకలు, మౌత్ ఆర్గాన్‌ను రెండు చేతుల్లో పట్టుకుని నోటికి ఎత్తుకుంటే వేళ్లు ఎక్కడ ఆనుతాయో సరిగ్గా అక్కడ ఉన్నాయని, కింద కుడి వేలికి గీత ఉందని, అది ప్రభుదాస్ బొటనవేలేనని, నేనే తుడిచేశానని. ఒక్క ముక్క కూడా పెంచలేదు. నా జీవితంలో అంత కురచగా ఏదీ చెప్పలేదు.

ఆమె నా వైపు చూసి, మెల్లగా నవ్వింది. హారను కథకు నవ్విన నవ్వే.

"గిది గూడనా తమ్మీ?"

"ఒట్టు అక్కా. సుబేదార్ సాబ్, మీరు చూసిన్రు గద?"

ఆయన మీసం సవరించుకున్నారు. "తెల్లగ ఏదో ఉండె. వేలో, బూజో... నా కండ్లద్దాలు బల్ల మీద ఉండె. గీత అయితే నేను చూడలేదు బిడ్డా. అబద్ధం ఎట్ల చెప్పాలె?"

"గీత సంగతి నేను చెప్పినంకనే నువ్వు చూసిన అంటున్నవు," అంది అక్క నాతో. కోపం లేదు గొంతులో. బళ్లో పిల్లవాడి తప్పు చూపించినట్టు చెప్పింది. "నేను చెప్పకముందు చెప్తే నమ్ముదును."

గొట్టంలో ఇంకా కొంచెం ఉంది. ఆమెను కూర్చోమన్నాను. మౌత్ ఆర్గాన్ బిస్కెట్ డబ్బాలో పెట్టి, గొట్టం అడుగుదాకా పిండి, మూత వేసి కెటిల్ పక్కన ఉంచాను. నాలుగూ యాభై. ఆమె ఒక్క కాపీ కూడా దిద్దలేదు. డ్రైవరు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. క్లర్కు టైపు ఆపాడు. ఐదుంపావుకు మూత తీశాను.

వేళ్లు లేచాయి. పైన రెండు, కింద ఒకటి. ఎవరూ కాదనలేనంత తెల్లగా. సుబేదార్ సాబ్ కండ్లద్దాలు పెట్టుకుని చూసి, "యా అల్లా," అన్నారు. సుగుణక్క బెంచీ మీద నుంచి లేచి వచ్చింది. కింది రేకు మీద బొటనవేలి దగ్గర తన వేలు పెట్టి, తాకకుండా, ఆ చుట్ల వెంట మెల్లగా తిప్పింది.

"గీత లేదు," అంది.

అది నా వేలు. పాలిష్ చేశాక ఆమెకు అందించింది నేనే.

క్లర్కు కాయితం ముందుకు జరిపాడు, అందినట్టు సంతకం కోసం. ఆమె చూసి పక్కకు పెట్టింది. "నేను సంతకం వెడితే వాడు పోయినట్లే గద. వద్దు. పెట్టెల పెట్టున్రి. ఎవరిదైతే వాళ్లు వచ్చి తీస్కుంటరు." గుమ్మం దాటబోతూ వెనక్కి తిరిగింది. "తమ్మీ, నా మనసు నిమ్మళం చెయ్యాల్నని చెప్పినవు. నాకెర్కే. మంచోనివి నువ్వు."

ఆ రోజు నుంచి నేను కథలు ఆపేశాను. ఆమె అడిగింది కూడా. "ఏమాయె, నాలిక మీద జిగురు అయిపోయిందా?" అంది. నవ్వించాలని ఈసారి ఆమె చూసింది.

తర్వాత నేను ఈ సంగతి చెప్పినవాళ్లలో కొందరు, పోనీలే, ఆమెకు ఆశన్నా మిగిలింది అన్నారు. వాళ్లు ఆమెను ప్లాట్‌ఫారం మీద చూడలేదు.

తొంభయ్యో రోజు. మే నెల. నీడలో నూట ఆరు డిగ్రీలు. సామాను వచ్చినప్పటిదే, ఒక గొట్టం ఎక్కువ, అదీ ఖాళీది. సాయంత్రం బండి. మిలిటరీ బోగీలో కిటికీ పక్కన కూర్చున్నాను. సుగుణక్క ప్లాట్‌ఫారం మీద నడుచుకుంటూ వస్తోంది. సిపాయిలున్న ప్రతి బండికీ వస్తోందని డ్రైవరు చెప్పి ఉన్నాడు. ముఖాలు చూడటం లేదు. కిటికీ ఊచలు పట్టుకున్న చేతులు చూస్తోంది. ఒక్కో కిటికీ దగ్గర ఆగి, కుడి చెయ్యి చూసి, ముందుకు కదులుతోంది. నా కిటికీ దగ్గరికి వచ్చి నా బొటనవేలు చూసింది. తర్వాత పైకి చూసింది.

"నువ్వా తమ్మీ. పోతున్నవా?"

"ఔ అక్కా. యూనిట్‌కు."

"గాడ ఎవరన్న మౌత్ ఆర్గాన్ ఊదేటోడు కనవడితే, జర చెయ్యి చూడు."

"చూస్త అక్కా."

బండి కదిలింది.

ఆ ఏడాది చివర్లో ఖైదీలు తిరిగి వచ్చారు. వాళ్లెక్కిన ఏ బండిలోనూ ప్రభుదాస్ లేడని క్లర్కు ఉత్తరం రాశాడు, టీచరమ్మ ఇంకా వస్తూనే ఉందని కూడా రాశాడు. ప్రభుదాస్ రాడని నాకు తెలుసు. ఈ భూమ్మీద అది ఖాయంగా తెలిసినవాణ్ని నేనొక్కణ్నే.

ఇప్పుడు పింఛను మీద ఇంట్లో ఉన్నాను. వీధిలో ఎవరి చెప్పు తెగినా, బొమ్మ విరిగినా నా దగ్గరికే వస్తారు. అతికిస్తాను. తుడవను. మా ఇంట్లో అద్దం మీద, బీరువా తలుపు మీద పిల్లల వేళ్లు అలాగే ఉంటాయి. మా ఆవిడ గుడ్డ పట్టుకుని వస్తే నేను కేకలేస్తాను. ఎందుకో ఆమెకు చెప్పలేదు. చెబితే నవ్వుతుందని భయం.

ఇందులో మిగతావి నేను కాస్తో కూస్తో పెంచే ఉంటాను. ఆ బొటనవేలు మాత్రం పెంచలేదు. చిక్కుడు గింజంత ఉంది. తెల్లగా ఉంది. మధ్యలో ఏటవాలు గీత. గుడ్డ వేసి రుద్దినప్పుడు ముందు బయటి చుట్లు పోయాయి. గీత చివర పోయింది.